చేతిసంచి మీదమ్మా, సూట్‌కేసులు అమ్మాయివి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు యాభై ఎనిమిదేళ్ళు. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఏప్రిల్‌లో పురుడు. మార్చిలో ఒక్కదాన్నే బయల్దేరుతున్నాను. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, మంచి సీజన్ కాబట్టి ఆయన రాలేరు. శంషాబాద్ దాకా కారులో వచ్చి ఎక్కిస్తారు. దోహాలో విమానం మారాలి. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. రెండు సూట్‌కేసులూ ఇరవై మూడేసి కిలోలతో నిండిపోయాయి. ఇంకా గోంగూర పచ్చడి, పథ్యం కారం, బాలింతకి పెట్టే కాయం, ఎండుకొబ్బరి, పూజ సామాను, నా మందులు మిగిలాయి. చేతిసంచిని ఎవరూ తూయరు, బరువైనవన్నీ అందులో కుక్కెయ్యమంటోంది మా తోడికోడలు. నాకు బీపీ, షుగరు ఉన్నాయి, రాత్రిపూట ఇన్సులిన్ వేసుకుంటాను. చేతిసంచిలో ఏం పెట్టుకోవాలో, ఏం పెట్టుకోకూడదో కాస్త వివరంగా చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీరు రాసిన సామాను చదివితే అందులో మీకంటూ ఉన్నవి మందులే. అవి కూడా అన్నిటికన్నా చివర రాశారు. మిగతావన్నీ అమ్మాయికీ, పుట్టబోయే బిడ్డకీ. పురుడు పోయడానికి వెళ్తున్న తల్లి మనసు అలాగే ఉంటుంది. కానీ ఈ ఒక్కసారికి ఇలా అనుకోండి: సూట్‌కేసులు రెండూ అమ్మాయివి, చేతిసంచి మీది. గుంటూరులో ఇల్లు దాటిన దగ్గర్నుంచి డాలస్‌లో అమ్మాయి గుమ్మం తొక్కేదాకా ఒకటిన్నర రోజు పడుతుంది. ఆ ఒకటిన్నర రోజు మీ ఒంటికి ఏం కావాలో అదంతా మీ చేతిలో ఉండాలి. సూట్‌కేసులు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా మీకు ఇబ్బంది రాకూడదు. ఇలా ఆలోచించి సర్దితే ఏది లోపలికి, ఏది బయటికి అన్నది మీకే తెలిసిపోతుంది.

నేను ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నాను. మా అబ్బాయి దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు చేతిసంచి నిండా అరిసెలూ జంతికలూ పెట్టుకుని, చోటు చాల్లేదని బీపీ మాత్రల డబ్బా సూట్‌కేసులో వేశాను. సూట్‌కేసు నాలుగో రోజుకి ఇంటికొచ్చింది. అక్కడ మన డాక్టరు రాసిన చీటీ చూపిస్తే మందుల షాపులో ఇవ్వరు, అక్కడి డాక్టరే రాయాలి. మా అబ్బాయి ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి తల దిమ్మెక్కిపోయి ఉంది. అందుకే మీ మందుల సంగతి ముందు చెప్తాను.

మాత్రలన్నీ చేతిసంచిలోనే పెట్టండి. మాత్రలు ఎంత బరువని? రోజువారీ డబ్బాలోకి ఒలిచి పోసుకోకండి, షీట్లు షీట్లుగానే ఉంచండి. మందు పేరు, తేదీ దాని మీదే ఉంటాయి, ఎవరడిగినా చూపించొచ్చు. ఇన్సులిన్ మాత్రం సూట్‌కేసులో అసలు వేయకండి. విమానం అడుగున సామాను పెట్టే చోట చలికి గడ్డకట్టిందంటే ఆ ఇన్సులిన్ ఇక పనికిరాదు, కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించినా సరే. ఇన్సులిన్ పెన్ను, సూదులు, షుగరు చూసుకునే మిషను, దాని పట్టీలు, అన్నీ ఒకే చిన్న సంచిలో వేసి, దాన్ని చేతిసంచిలో అన్నిటికన్నా పైన ఉంచుకోండి. తెరవని పెన్నుల కోసం చల్లదనం నిలిపే పౌచ్ మందుల షాపులో దొరుకుతుంది. మార్చి ఎండలో శంషాబాద్ దాకా ఐదారు గంటలు కారులో వెళ్తారు. దార్లో భోజనానికి దిగినప్పుడు ఆ సంచిని మూసిన కారులో వదిలేయకండి, మీతోపాటు దింపండి.

మీ డాక్టరుగారి చేత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయించుకోండి. మీకున్న జబ్బులు, మందుల అసలు పేర్లు, ఇన్సులిన్ సూదులు వెంట ఉండాలన్న మాట అందులో ఉండాలి. మనవాళ్ళకి ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డాక్టరు చీటీ మీద ఒక్క పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టు జిరాక్సు తీసుకెళ్ళి, అందులో ఉన్నట్టే పేరు రాయమనండి. ఇంకో సంగతి కూడా అప్పుడే అడగండి: మనకీ డాలస్‌కీ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా ఉంటుంది కదా, ప్రయాణం రోజు ఇన్సులిన్ ఏ టైముకి, ఎంత వేసుకోవాలి? ఇది నేను చెప్పగలిగింది కాదు, మీ డాక్టరే చెప్పాలి. చెప్పింది కాగితం మీద రాయించుకోండి. షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి నాలుగు పటికబెల్లం ముక్కలు సంచి పైజేబులో పెట్టుకోండి.

ఇక పచ్చళ్ళు. గుంటూరు నుంచి వెళ్ళే తల్లిని కారం వద్దనడానికి నాకు నోరు రావడం లేదు, కానీ చేతిసంచిలో వద్దే వద్దు. మన విమానాశ్రయాల్లో మిరపకాయ పచ్చడి, కారప్పొడి చేత్తో తీసుకెళ్ళనివ్వరు. కారం కళ్ళల్లో కొడితే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? గోంగూర పచ్చడికి ఇంకో అడ్డంకి కూడా ఉంది. విదేశాలకి వెళ్ళే విమానాల్లో నూనె తేలేవి, జారుగా ఉండేవి, ముద్దగా ఉండేవి అన్నీ ద్రవాల లెక్కలోకే వస్తాయి. కాయం, నెయ్యి, పెరుగన్నం కూడా అంతే. అలాంటిది ఏదైనా 100 మిల్లీలీటర్ల లోపు సీసాలో ఉండాలి, ఆ సీసాలన్నీ ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్ కవరులో పట్టాలి. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా వెళ్ళే విమానాల్ని ద్రవరూపంలో ఉన్న పేలుడు పదార్థాలతో కూల్చేయాలన్న కుట్ర బయటపడింది. అప్పటి నుంచి వచ్చిన నిబంధన ఇది. సీసాలో ఎంత మిగిలిందని చూడరు, సీసా ఎంత పెద్దదని చూస్తారు. 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసాలో అడుగున నాలుగు చుక్కలున్నా తీసి పక్కన పెట్టేస్తారు. అందుకని చిన్న పేస్టు, చిన్న కొబ్బరినూనె సీసా, అమృతాంజనం చిన్న డబ్బా, మొహానికి రాసుకునే క్రీము, ఇవి చాలు. ఇన్సులిన్‌ లాంటి మందులకి ఈ కొలత వర్తించదు, అడిగితే డాక్టరు ఉత్తరం చూపించండి.

పచ్చడీ, పథ్యం కారమూ సూట్‌కేసులోకి మార్చండి. పచ్చళ్ళ షాపువాళ్ళు కవర్లలో వేసి సీలు వేసిస్తారు, గాజుసీసాల బరువు కలిసొస్తుంది. చోటు ఎక్కడుందంటారా? సూట్‌కేసు ఒకసారి తెరిచి, డాలస్‌లో దొరికేవేంటో అమ్మాయిని ఫోన్‌లో అడుగుతూ ఒక్కొక్కటీ తీయండి. కందిపప్పు, చింతపండు, ఇంగువ, శొంఠి, వాము అక్కడి ఇండియన్ షాపుల్లో ఉంటాయి. మీ చేతి గోంగూర పచ్చడి ఉండదు. కాబట్టి పప్పులు దించి పచ్చడి ఎక్కించండి. మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు. నాటుకోడైనా మటనైనా అమెరికాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా అంతే. కరివేపాకు వెంట వచ్చే పురుగు అక్కడి నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేస్తుందని వాళ్ళ భయం. దిగాక తినుబండారాలున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్తే మహా అయితే ఒకటీ రెండూ తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా వేస్తారు.

మీరు రాయలేదుగానీ, మసాలాకి గసగసాలు ఎక్కడైనా కట్టి పెట్టారేమో చూసుకోండి. ఉంటే ఇంట్లోనే తీసేయండి. మనకి అవి వంటింటి దినుసు. యూఏఈ లాంటి గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, జైలుదాకా పోతుంది. మీరు గల్ఫ్ మీదుగానే వెళ్తున్నారు కాబట్టి సూట్‌కేసులోనూ వద్దు, చేతిసంచిలోనూ వద్దు.

ఎండుకొబ్బరి కూడా రెండిట్లోనూ పెట్టకండి. అందులో నూనె ఎక్కువ. గాలాడని చోట కుక్కి పెడితే తనంత తానే వేడెక్కి అంటుకునే సరుకుల్లో దాన్ని కలిపారు. అయ్యప్ప స్వాములు కొబ్బరికాయ విమానంలో తీసుకెళ్ళారు కదా అని ఎవరైనా అంటారేమో. 2024లో శబరిమల సీజన్‌కి ఇరుముడిలోని నేతి కొబ్బరికాయకి ప్రత్యేకంగా అనుమతిచ్చారు. అది ఆ భక్తుల కోసం ఇచ్చింది, మన ఎండుకొబ్బరికి పనికిరాదు. పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె తీసేయండి. అడకత్తెర, కత్తెర ఉంటే సూట్‌కేసులోకి పోవాలి. కుంకుమ భరిణె చిన్నది చేతిలో ఉంచుకోవచ్చు.

ఇప్పుడు మీ తోడికోడలు మాట. తూయరని ఎవరూ పూచీ ఇవ్వలేరమ్మా. మామూలు టికెట్టుకి చేతిసంచి ఏడు కిలోలే ఇచ్చే విమాన సంస్థలు చాలా ఉన్నాయి. మీ టికెట్టు మీద ఎంత రాసుందో అమ్మాయిని చూడమనండి. శంషాబాద్‌లో కౌంటర్ల ముందు ఒకసారి నించుని చూడండి. ఎవరో ఒక పెద్దావిడ నేలమీద కూర్చుని సంచి తెరిచి, ఏది తీయాలో తెలీక, వెనకున్న లైను వైపు బెదురుగా చూస్తూ ఉంటుంది. ఆమె కొంగు జారిపోతుంటుంది, చేతిలో పాస్‌పోర్టు ఉంటుంది, జంతికల పొట్లం చిట్లి అక్కడే పడుతుంది. నాకు ఆ దృశ్యం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు. అదీగాక కౌంటరులో తూయకపోయినా మీ భుజం తూస్తుంది కదా. దోహాలో ఒక చివర్నుంచి ఇంకో చివరికి ఆ సంచి మోసేది మీరే. సీటు పైన అరలోకి ఎత్తాల్సిందీ మీరే.

అందుకే గట్టి చక్రాల పెట్టె కంటే మెత్తటి బట్ట సంచి నయమని నా అభిప్రాయం. గట్టి పెట్టె ఖాళీదే రెండున్నర, మూడు కిలోలుంటుంది. ఏడులో మూడు పెట్టెకే పోతే మీకు మిగిలేది నాలుగు. వీపుకి తగిలించుకునే బట్ట సంచి కిలో లోపే ఉంటుంది, ముందు సీటు కింద కాళ్ళ దగ్గర దూరుతుంది. పైన అరలో పెట్టినదాన్ని పదిహేను పదహారు గంటల ప్రయాణంలో లేచి దింపుకోవడం మీకు కష్టం, కాళ్ళ దగ్గరున్నదాన్ని వంగి అందుకోవచ్చు. సంచి సర్దాక ఇంట్లో బరువు చూసే మిషనుంటే ఒకసారి మీరు ఒక్కరే ఎక్కి, మరోసారి సంచి పట్టుకుని ఎక్కి తేడా చూసుకోండి. ఐదున్నర కిలోల దగ్గర ఆపేయండి. దారిలో ఏదో ఒకటి చేరుతూనే ఉంటుంది.

కాగితాలు సంచిలో వద్దు. మెడలో ఏటవాలుగా వేసుకునే చిన్న పర్సు ఒకటి తీసుకోండి, దాని మీదుగా కొంగు కప్పుకోవచ్చు. పాస్‌పోర్టు, రానూపోనూ టికెట్లు, ఇన్సూరెన్సు కాగితం, కాసిని డాలర్లు, ఒక పెన్ను అందులో ఉంచుకోండి. అమ్మాయి ఇంటి చిరునామా, ఆమెదీ అల్లుడిదీ ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుండాలి, ఫోన్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోకండి. ఫోన్ చార్జింగు అయిపోయే టైము మనకి ముందే చెప్పి రాదు. ఇంకో కాగితం మీద అమ్మాయి చేత ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయించుకోండి: నేను దోహాలో డాలస్ విమానానికి మారాలి, నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి గేటు దాకా దారి చూపించండి. ఎవరికి చూపించినా సాయం చేస్తారు. డాలస్‌లో దిగాక అధికారి ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడుంటారు అని అడుగుతారు. చిరునామా కాగితం, తిరుగు టికెట్టు అప్పుడు చేతికందాలి.

నగలు ఒంటి మీదున్నవి చాలు. ఇంకేమైనా తీసుకెళ్ళక తప్పకపోతే ఆ పర్సులోనే ఉండాలి, సూట్‌కేసులో పెట్టకూడదు. ఎక్కువ బంగారం ఉంటే బయల్దేరే ముందే శంషాబాద్ కస్టమ్స్‌లో చూపించి ధ్రువపత్రం తీసుకోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు ఇది కొత్తగా కొన్నదా అన్న ప్రశ్న రాదు.

పవర్‌బ్యాంకు తీసుకెళ్తుంటే అది చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో పెట్టనివ్వరు. అందులోని లిథియం బ్యాటరీ అంటుకుంటే పైన మనుషులున్న చోటైతే వెంటనే ఆర్పొచ్చు, అడుగున సామాన్లలో అయితే చూసేవాళ్ళుండరు. 100 వాట్-అవర్ల లోపైతే ఏ అనుమతీ అక్కర్లేదు. దాని మీద ఎంఏహెచ్ అంకె మాత్రమే ఉంటే 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. పదివేలది 37, ఇరవైవేలది 74 వస్తాయి. రెండూ పనికొస్తాయి. అంకెలు చెరిగిపోయిన పాతది మాత్రం ఇంట్లో వదిలేయండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానం పైఅరలోంచి మంటలు లేచి కాలిపోయింది, పవర్‌బ్యాంకే కారణమని అనుమానించారు. మనుషులందరూ బయటపడ్డారు. కాబట్టి దాన్ని పైన అరలో పెట్టకుండా కాళ్ళ దగ్గరి సంచిలో ఉంచుకోండి. విమానంలో దాంతో ఫోన్‌కి చార్జింగు పెట్టొద్దంటే పెట్టకండి.

తిండికి పులిహోర మంచిది. చింతపండు పులుసు తక్కువేసి పొడిపొడిగా కలిపి, చిన్న డబ్బాలో పెట్టుకోండి. దోహాకి వెళ్ళేలోపే తినేయండి. కాస్త మరమరాలు, వేయించిన శనగలు ఉంచుకోండి, షుగరు ఉన్నవాళ్ళకి ఆకలి తట్టుకోవడం కష్టం. టికెట్టులో శాకాహార భోజనం, షుగరు భోజనం అని ముందే చెప్పించుకోవచ్చు, అమ్మాయికి గుర్తుచేయండి. మంచినీళ్ళ సీసా ఖాళీది తీసుకెళ్ళి, తనిఖీ దాటాక నింపుకోండి. దోహాలో మళ్ళీ తనిఖీ ఉంటే దానికి ముందు తాగేయండి. కారులో తినడానికి, తాగడానికి కట్టుకున్న సంచి వేరేగా ఉంచి, శంషాబాద్‌లో మీవారికే ఇచ్చి పంపేయండి. ఆ సంచీ ఈ సంచీ కలిస్తేనే గందరగోళం.

టికెట్టుకి వీల్‌చైర్ అడిగించండి. నడవగలను కదా అని మొహమాటపడకండి. మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నారు, ఈ వయసులో మోకాళ్ళ సంగతి కూడా చూసుకోవాలి, దోహా పెద్ద విమానాశ్రయం. వాళ్ళు ఒక గేటు నుంచి ఇంకో గేటు దాకా దింపుతారు. చేతిసంచి మీ ఒళ్ళోనే ఉంచుకోండి, వెనక తగిలించనివ్వకండి. విమానంలో గంటన్నరకోసారి లేచి అటూ ఇటూ నడవండి, పాదాలు వాస్తాయి కాబట్టి వదులు చెప్పులు వేసుకోండి.

సామాను వేసేటప్పుడు ఇచ్చే చిన్న స్టిక్కర్లు, సూట్‌కేసుకి ఒకటి, పారేయకండి. పాస్‌పోర్టు కవరు లోపల అతికించుకోండి. డాలస్‌లో సూట్‌కేసు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఆ స్టిక్కరు చూపించి ఫిర్యాదు రాయించి, దాని కాగితం తీసుకోవాలి. సామాను పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యమైతే చేతికొచ్చాక ఇరవై ఒక్క రోజుల్లో రాతపూర్వకంగా అడగాలని అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. ఆ పని అల్లుడు చూసుకుంటాడు, స్టిక్కరు మాత్రం మీ దగ్గరుండాలి.

ఒక జత బట్టలు, ఒక నైటీ, ఒక స్వెట్టరు, మేజోళ్ళు, కళ్ళజోడు, ఉంటే పాత కళ్ళజోడు కూడా పెట్టుకోండి. శాలువ అక్కర్లేదు. బీరువాలో అడుగున మీ పాత మంగళగిరి కాటన్ చీర ఏదో ఒకటి ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడి, అంచు రంగు వెలిసి, కొంగు దగ్గర కుట్టు వేసుకున్నది. అది నాలుగు మడతలు వేసి పెట్టుకోండి. విమానంలో చలేస్తే కప్పుకోవచ్చు, నడుం వెనక ఎత్తుగా పెట్టుకోవచ్చు, ఇన్సులిన్ సంచిని చుట్టి ఉంచొచ్చు. అక్కడికి వెళ్ళాక ఉతికి ముక్కలు చేస్తే బిడ్డ ఒంటికి అంత మెత్తటి గుడ్డ డాలస్‌లో ఏ షాపులోనూ దొరకదు. తూకం చూసినప్పుడు ఐదున్నర దాటితే ముందు మరమరాలు తీయండి, తర్వాత రెండో కళ్ళజోడు డబ్బా తీసి గుడ్డలో చుట్టండి, అదీ చాలకపోతే నైటీ తీయండి. ఆ చీర మాత్రం తీయకండి.